పాత పెట్రోలు ఇంజనునకు డిస్ట్రిబ్యూటరు: ఎన్నికయు, మరమ్మతును

మన రామన్నపేట పరిసర గ్రామములలో నేడు దున్నకమునకు ట్రాక్టరులును, బావినీటికి విద్యుత్తు మోటారులును వచ్చియున్నవి. వీనికి డిస్ట్రిబ్యూటరుతో పనిలేదు. డీజిలు ఇంజనులో గాలి మిక్కిలి ఒత్తిడికి లోనై వేడెక్కి ఆ వేడిచేతనే నూనె అంటుకొనును, నిప్పురవ్వ అక్కఱలేదు. అయినను తండ్రుల నాటి పెట్రోలు జీపులును, అంబాసిడరు కార్లును కొందఱు కర్షకుల కొట్టములలో ఇంకను కలవు. కొన్ని నడచుచున్నవి. మఱికొన్ని గడ్డివామి ప్రక్కన నిలిచి కోళ్లకు నీడనిచ్చుచున్నవి. ఇట్లు నిలిచినవానిలో ఇంజను గట్టిగనే యుండి, నిప్పురవ్వ సరిగా రాకపోవుటవలన మాత్రమే మూలబడినవి లేకపోలేదు.

అట్టి బండిని మరల నడపవలెనని మెకానికును పిలిచినప్పుడు తఱచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: “డిస్ట్రిబ్యూటరు పోయినది, క్రొత్తది వేయవలెను.” అప్పుడు రైతు క్రొత్తది కొనవలెనా? పాతదానిని బాగుచేయింపవలెనా? కొన్నచో దేనిని కొనవలెను? ఈ ప్రశ్నలకు సభ్యులకు ఉపయోగపడునట్టి సమాధానమును ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమును మొదటనే చెప్పుదుము. పాత డిస్ట్రిబ్యూటరును పరీక్షింపక పాఱవేయరాదు. అది కేవలము నిప్పురవ్వలను పంచు డబ్బా కాదు. ఆ ఇంజను నడకకు తగినట్లు లెక్కగట్టి కూర్చిన పరికరము. దాని స్థానమున తగనిదానిని పెట్టినచో బండి నడచినట్లే యుండి, కొంతకాలమునకు పిస్టను నష్టమగును. డిస్ట్రిబ్యూటరు వెల కొద్దిది. ఇంజను వెల పెద్దది.

దాని పని యెట్టిది?

చెఱువు క్రింద సేద్యము చేయువారికి దీని పనిని గ్రహించుట కష్టము కాదు. చెఱువు నీటిని వంతుల ప్రకారము మళ్లకు పంచువాడు నీరడి. ఇంజనునకు డిస్ట్రిబ్యూటరు నీరడి వంటిది. నాలుగు సిలిండరులు నాలుగు మళ్లు. నీరడికి రెండు విధులు కలవు. ఎవరి వంతు వచ్చినదో తెలియుట మొదటిది; ఏ సమయమునకు తూము ఎత్తవలెనో తెలియుట రెండవది. డిస్ట్రిబ్యూటరునకును ఈ రెండే విధులు.

బ్యాటరీనుండి వచ్చు 12 వోల్టుల విద్యుత్తు ప్లగ్గు కొనల నడుమనున్న గాలిని దాటజాలదు. కావున కాయిలు అను పరికరమును అమర్చిరి. అందు రెండు తీగచుట్టలు కలవు. ఒకటి కొద్ది చుట్లుగల లావు తీగ, రెండవది వేలకొలది చుట్లుగల సన్నని తీగ. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు కలిసియున్నంతసేపు లావు తీగలో విద్యుత్తు ప్రవహించి కాయిలులో అయస్కాంతశక్తి నిలుచును. పాయింట్లు విడిన క్షణమున ఆ శక్తి హఠాత్తుగా కూలును. సన్నని తీగలో వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టును. అది క్యాపు నడిమి బొగ్గుముక్క ద్వారా రోటరునకు వచ్చి, రోటరు ఏ సిలిండరు వైపు చూచుచున్నదో ఆ సిలిండరు ప్లగ్గునకు పోవును. నిప్పురవ్వ పుట్టునది పాయింట్లు విడినప్పుడే గాని కలిసినప్పుడు కాదని సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు విషయములన్నియు దీనిపై ఆధారపడి యున్నవి.

పాయింట్ల ప్రక్కనుండు చిన్న గొట్టము వంటి వస్తువు కండెన్సరు. పాయింట్లు విడునప్పుడు విద్యుత్తు వాని నడుమనే మంటగా దుముకకుండ ఇది తనలోనికి తీసికొనును. అందుచేత కాయిలులోని శక్తి వేగముగా కూలి రవ్వ గట్టిగా వచ్చును. కండెన్సరు చెడినచో పాయింట్లు నల్లబడి మాడును, రవ్వ పసుపుపచ్చగా బలహీనమగును.

నాలుగు సిలిండరుల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు డిస్ట్రిబ్యూటరు అందులో సగము, అనగా 1,500 చుట్లు తిరుగును. చుట్టునకు నాలుగు రవ్వల చొప్పున నిమిషమునకు 6,000 రవ్వలు, సెకనునకు 100 రవ్వలు. ఇంతటి వడిగల పనిలో వెండ్రుకవాసి తేడా కూడ లెక్కకు వచ్చును.

ఇక సమయము మాట. దూరపు మడికి నీరు చేరుటకు కొంత కాలము పట్టును గనుక నీరడి ముందుగనే తూము ఎత్తును. అట్లే పెట్రోలు ఆవిరి అంటుకొని మంట అంతట వ్యాపించుటకు కొంత కాలము పట్టును గనుక పిస్టను పైకి చేరకముందే రవ్వ రావలెను. ఆ కాలము సెకనులో 500వ వంతు అనుకొందము. ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగునప్పుడు అంత కాలములో క్రాంకు సుమారు 10 డిగ్రీలు తిరుగును. 3,000 చుట్ల వేగమున 36 డిగ్రీలు తిరుగును. వేగము హెచ్చినకొలది సిలిండరులో గాలి కలత హెచ్చి మంటయు త్వరపడును గనుక నిజముగా కావలసిన డిగ్రీలు ఇంతకంటె తక్కువగ నుండును. అయినను వేగముతోపాటు రవ్వను ముందునకు జరుపవలెనను సూత్రము స్పష్టము.

ఈ పనిని డిస్ట్రిబ్యూటరు అడుగుననుండు రెండు చిన్న బరువులును, రెండు స్ప్రింగులును చేయును. వేగము హెచ్చగనే బరువులు వెలుపలికి విచ్చుకొని క్యామును ముందునకు త్రిప్పును. వేగము తగ్గగనే స్ప్రింగులు వానిని వెనుకకు లాగును. అంబాసిడరు మొదలగు కార్లలో ఇదిగాక కార్బురేటరు వద్ది పీల్పుతో పనిచేయు వాక్యూమ్ డబ్బా ఒకటి కలదు. బండి బరువు లేక సాఫీగా పోవునప్పుడు ఇది రవ్వను మఱికొంత ముందునకు జరిపి పెట్రోలును మిగుల్చును. ఈ బరువులు, స్ప్రింగులు, డబ్బా ఒక్కొక్క ఇంజనునకు ఒక్కొక్క లెక్క ప్రకారము కూర్చబడినవి. డిస్ట్రిబ్యూటరు ఎన్నికలోని కీలకమంతయు ఇందే కలదు.

కొంచెము చరిత్ర

తొలినాటి మోటారు బండ్లలో పెక్కింటికి మాగ్నెటోలు ఆధారము. జర్మనీలో బాష్ కర్మాగారమునందు గోట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు 1902లో హెచ్చు వోల్టుల మాగ్నెటోను నిర్మించెను. 1908 నుండి 1927 వఱకు తయారైన ఫోర్డు టి మోడలులో సిలిండరునకు ఒకటి చొప్పున నాలుగు కాయిలులు ఉండెడివి. ఒకే కాయిలు, ఒకే జత పాయింట్లు, పంచుటకు ఒక రోటరు అను పద్ధతిని వ్యాపింపజేసినవాడు అమెరికావాసియగు చార్లెస్ కెటరింగు. ఆయన స్థాపించిన డెల్కో సంస్థవారి ఏర్పాటు 1910 నాటి కాడిలాకు కార్లలో వచ్చినది. తరువాత అర్ధశతాబ్దమునకు పైగా ప్రపంచపు పెట్రోలు కార్లలో చాల భాగము ఆ పద్ధతి ననుసరించియే నడచినవి.

మన ప్రాంతమునకు మోటారు హైదరాబాదు ద్వారముననే వచ్చినది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొఱకు ఆర్డరు చేయబడి, 1911లో ఆయన మరణించిన పిమ్మట వచ్చి చేరిన పసుపుపచ్చని రోల్సురాయిసు కారు చౌమహల్లా రాజభవనమున నేటికిని చూపఱకు కనబడుచున్నది. ఆ తరగతి ఇంజనులలో మాగ్నెటో ఒకటి, బ్యాటరీ కాయిలు ఒకటి, రెండు ఏర్పాట్లును ఉండెడివి. ఒకటి చెడినను బండి నిలువకుండుటకు ఈ జాగ్రత్త. 1932లో నైజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమై సామాన్యులకును మోటారు ప్రయాణము అలవడినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను మన దేశమున కూర్చుటకు మొదలిడిరి. హిందూస్థాన్ మోటార్సు వారి అంబాసిడరు 1957 ప్రాంతమున వెలువడి 2014 వఱకు తయారగుచుండెను. మన గ్రామములలో మిగిలియున్న పాత పెట్రోలు బండ్లలో ఈ రెండు జాతులవే ముఖ్యములు గనుక మా ఉదాహరణలను వీనినుండియే తీసికొందుము.

దోషము డిస్ట్రిబ్యూటరుదేనా?

మందు వేయుటకు ముందు రోగమును గుర్తింపవలెను. బండి కదలనప్పుడు మొదట బ్యాటరీని, దాని తీగల బిగువును చూడవలెను. పిమ్మట ప్లగ్గులను విప్పి తుడిచి చూడవలెను. తరువాత కాయిలునుండి వచ్చు నడిమి తీగ కొనను ఆరిన గుడ్డతోనో రబ్బరుతోనో పట్టుకొని ఇంజను ఇనుమునకు దాదాపు పావు అంగుళము దూరమున నుంచి, మఱియొకరిచేత ఇంజనును త్రిప్పింపవలెను. పెట్రోలు కారుచున్నచో ఈ పరీక్ష చేయరాదు. గట్టి నీలిరవ్వ వచ్చినచో కాయిలు, పాయింట్లు, కండెన్సరు పనిచేయుచున్నవని అర్థము. దోషము రోటరు, క్యాపు, ప్లగ్గు తీగలలో నుండవచ్చును. రవ్వ రాకున్నచో పాయింట్లను, కండెన్సరును చూడవలెను.

క్యాపును వెలుతురున పట్టి లోపల వెండ్రుకవంటి నల్లని గీతలున్నవేమో చూడవలెను. అట్టి గీత వెంబడి విద్యుత్తు దారి తప్పి పోవును. తుడిచిన పోనిచో ఆ క్యాపును విడువవలసినదే. రోటరుమీది ఇత్తడిరేకును పొడవైన రివెట్టుతో బిగించిన కొన్ని నకలు రోటరులలో ఆ రివెట్టునుండి లోపలి ఇరుసునకు విద్యుత్తు దుముకును. ఇంజను వేడెక్కిన పిమ్మట బండి నిలిచి, చల్లారిన పిమ్మట నడచుట దీని లక్షణములలో ఒకటి. వానకాలమున క్యాపులో చెమ్మ పట్టుటయు, ఎండకాలమున మన చెలకల ఎఱ్ఱదుమ్ము చేరుటయు సాధారణము. ఆరిన గుడ్డతో తుడిచినంతనే నడచిన బండ్లు పెక్కు కలవు. వీనికి క్రొత్త డిస్ట్రిబ్యూటరు ఎందులకు?

మఱియొక చిన్న దోషము మంచి మెకానికులను కూడ తికమకపెట్టును. పాయింట్లను మోయు పళ్లెమునకు, డబ్బా శరీరమునకు నడుమ సన్నని అల్లిక తీగ యొకటి ఉండును. వాక్యూమ్ డబ్బా పళ్లెమును కదల్చినప్పుడెల్ల ఈ తీగ వంగుచు, కొన్ని యేండ్లకు లోలోపల తెగును. అప్పుడు నిలిచియున్న బండి బాగుగనే తిరుగుచు, దారిలో వేగము మార్చినప్పుడెల్ల తడబడును. కార్బురేటరు దోషమని పలుమార్లు విప్పుదురు. తీగను మార్చుట కొద్దిపాటి పని.

ఇరుసు అరుగుదలను ఇట్లు చూడవలెను. క్యాపును తీసి ఇరుసు కొనను వ్రేళ్లతో పట్టి ప్రక్కలకు ఊపుడు. ఊగిసలాట స్పష్టముగా తెలిసినచో బుష్ అరిగినదని యెఱుగవలెను. ఫీలరు గేజితో పాయింట్ల సందును క్యాము నాలుగు మూలలయందును కొలువుడు. ఇరుసును త్రోసినప్పుడు మాత్రమే సందు మాఱినచో దోషము బుష్‌ది. త్రోయకయే ఒక్కొక్క మూలకు ఒక్కొక్క సందు వచ్చినచో క్యాము అరుగుదలయో, ఇరుసు వంకరయో కారణము. సందు మాఱినప్పుడు పాయింట్లు విడు సమయము మాఱును. అనగా నలుగురి వంతులలో ఒకరికి ముందు, ఒకరికి వెనుక నీరు వచ్చినట్లగును. ఇంజను తడబడును, పెట్రోలు వృథాయగును.

దేనిని ఎన్నుకొనవలెను?

యజమాని యెదుట నాలుగు మార్గములు కలవు.

తన పాత డిస్ట్రిబ్యూటరును బాగుచేయించుట మొదటిది. శరీరము పగులక, క్యాము అరుగక యున్నచో ఇదియే ఉత్తమము. బుష్, పాయింట్లు, కండెన్సరు, రోటరు, క్యాపు ఇవి అన్నియు మార్చుటకై ఏర్పడిన వస్తువులే.

అదే సంఖ్యగల పాతదానిని సంపాదించి, రెండింటిలోని మంచి భాగములను కూర్చి ఒకటి చేయుట రెండవది. రామన్నపేట స్టేషనున రైలెక్కి సికింద్రాబాదు చేరినచో మోటారు విడిభాగములకు పేరుపడిన రాణీగంజి అంగళ్లు దగ్గఱనే కలవు. పోవునప్పుడు పాతదానిని వెంట తీసికొని పోవలెను. లూకాస్ పద్ధతి డిస్ట్రిబ్యూటరుల శరీరముమీద ఒక సంఖ్య చెక్కబడి యుండును. దానిని బట్టియే అది ఏ ఇంజనునకు చేయబడినదో తెలియును. లోపల క్యాము అడుగు రేకుమీద ఇంకొక సంఖ్య ఉండును. అందు 10 అని యున్నచో బరువులు డిస్ట్రిబ్యూటరును గరిష్ఠముగా 10 డిగ్రీలు, అనగా క్రాంకు లెక్కన 20 డిగ్రీలు ముందునకు జరుపునని అర్థము. వాక్యూమ్ డబ్బామీద మూడు సంఖ్యలు కనబడును. ఉదాహరణకు 5, 17, 8 అని యున్నచో పాదరసపు కొలతలో 5 అంగుళముల పీల్పున పని మొదలై, 17 అంగుళముల వద్ద ముగిసి, మొత్తము 8 డిగ్రీలు జరుపునని తెలియవలెను. ఈ సంఖ్యలు ఒకటైనచో వస్తువు ఒకటి. లేనిచో పైకి ఒకటిగ కనబడినను వేఱు.

అంగడిలో దొరకు క్రొత్త నకలును కొనుట మూడవది. ఇది సులభముగ తోచును. కాని పెక్కు ఇంజనులకు సరిపోవునని ఒకే మాదిరి బరువులు, స్ప్రింగులు పెట్టి చేసిన నకలులు కలవు. అట్టిది రవ్వను హెచ్చుగ ముందునకు జరిపినచో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజనులో టకటకమని చప్పుడు వచ్చును. ఆ చప్పుడును లెక్కచేయక నడిపినచో పిస్టను తల దెబ్బతినును. తక్కువగ జరిపినచో ఇంజను వేడెక్కును, లాగదు, పెట్రోలు త్రాగును. కొనక తప్పనిచో, ఎన్ని చుట్లకు ఎన్ని డిగ్రీలు జరుపునో లెక్క చూపగల వ్యాపారివద్దనే కొనవలెను.

పాత శరీరములోనే పాయింట్లను తీసి, వాని స్థానమున ఎలక్ట్రానిక్ ముక్కను అమర్చుట నాలుగవది. దీనికి పాయింట్ల అరుగుదల లేదు. తఱచుగ సందు సరిచేయవలసిన పనిలేదు. కాని ఇరుసు ఊగుచున్న డిస్ట్రిబ్యూటరులో దీనిని పెట్టిన రోగము పూర్తిగ పోదు. పూర్వపు ఇంగ్లీషు కార్లు కొన్నింటిలో బ్యాటరీ ధనధ్రువమును శరీరమునకు కలుపుదురు. రుణధ్రువము కలిపిన బండ్లకై చేసిన ముక్కను అట్టివానిలో పెట్టినచో వెంటనే మాడును. కాయిలు నిరోధము కూడ దానికి తగినదై యుండవలెను. దారిలో చెడినచో పల్లెటూరి మెకానికు దానిని బాగుచేయలేడు; పాయింట్లనైనచో ఒక ఎమరీ కాగితపు ముక్కతో గీకి ఇల్లు చేరవచ్చును. ఈ ముక్క పెట్టినవారు పాత పాయింట్లను, కండెన్సరును బండిలో దాచియుంచుట మేలు.

జీపుది, అంబాసిడరుది నాలుగు సిలిండరుల ఇంజనులే. రెండింటికిని రవ్వల వరుస 1, 3, 4, 2 అనియే. అందుచే ఒకదానిది ఇంకొకదానికి పనికివచ్చునని తలంపరాదు. యుద్ధకాలపు విల్లీస్ జీపు డిస్ట్రిబ్యూటరులో బరువులు మాత్రమే కలవు, వాక్యూమ్ డబ్బా లేదు. అది ఆయిలు పంపు ఇరుసునుండి తిరుగును. పాయింట్ల సందు కూడ వేఱు. అంగుళమును వేయి భాగములు చేసి ఒక్కొక్క భాగమును మెకానికులు థౌ అందురు. జీపునకు 20 థౌలు, అంబాసిడరులోని లూకాస్ పద్ధతిదానికి 14 నుండి 16 థౌలు సందు ఉండవలెను. ఆ జీపులు 6 వోల్టులవి. పిమ్మట 12 వోల్టులకు మార్చబడినవానికి కాయిలు కూడ మార్చిరో లేదో చూడవలెను. 6 వోల్టుల కాయిలును 12 వోల్టులకు తగిలించినచో పాయింట్లు మాడుచునే యుండును.

ఏబది యేండ్లు దాటిన బండ్లు గలవారికి ఇంకొక విషయము. కేంద్రప్రభుత్వమువారు 2021 జూలైలో ప్రకటించిన నియమముల ప్రకారము 50 సంవత్సరములు మించిన రెండు, నాలుగు చక్రముల వాహనములను వింటేజి వాహనములుగ ప్రత్యేకముగా నమోదు చేసికొనవచ్చును. ఛాసీ, శరీరము, ఇంజను వీనిలో గణనీయమైన మార్పులు చేసియుండరాదు. అట్టి నమోదు కోరువారు పాత భాగములను కాపాడుకొనుట మంచిది. అయితే ఆ నమోదుగల బండిని నిత్యపు పనులకు, బాడుగకు నడపరాదు. పొలము పనులకు బండిని వాడువారు దీనిని ముందుగా ఆలోచింపవలెను.

విప్పుట

మొదట బ్యాటరీ తీగను విప్పవలెను. ఒకటవ సిలిండరులో పిస్టను గాలిని నొక్కుచు పైకి చేరునట్లు ఇంజనును త్రిప్పి నిలుపవలెను. రోటరు ఎటు చూచుచున్నదో శరీరముమీద ఒక గీతయు, శరీరము ఇంజనులో ఎట్లు కూర్చున్నదో ఇంకొక గీతయు గీయవలెను. ప్లగ్గు తీగలకు సంఖ్యలు వేయవలెను. చేతిలో ఫోను ఉన్నవారు బొమ్మ తీసికొనుట ఇంకను మేలు. డిస్ట్రిబ్యూటరు వెలుపల ఉన్నంతకాలము ఇంజనును త్రిప్పరాదు.

లోపలి స్ప్రింగులు రెండును ఒకటి కావు. ఒకటి సన్ననిది, మొదటనే పనిచేయును. రెండవది లావైనది, దాని కొక్కెము పొడవుగ నుండి వేగము హెచ్చిన పిమ్మటనే బిగియును. వదులుగ నున్నదని దానిని వంచి బిగించుట పెద్ద తప్పు. ఏ స్ప్రింగు ఏ కొయ్యకు ఉన్నదో వ్రాసికొనుడు. అడుగున ఇరుసు కొననుండు కొమ్ము నడిమికి గాక ఒక ప్రక్కకు ఒరిగి యుండును. ఇంజనులో ఒకే విధముగ కూర్చుండుటకే ఆ ఏర్పాటు. దాని మేకును కొట్టి తీయుటకు ముందు రోటరునకు, కొమ్మునకు గల సంబంధమును గుర్తు పెట్టవలెను. తిరుగవేసి బిగించినచో రవ్వ సగము చుట్టు తప్పి వచ్చును.

బాగుచేయుట

ఇనుప భాగములను కిరసనాయిలుతో కడుగవలెను. క్యాపు, రోటరు, కండెన్సరు, వాక్యూమ్ డబ్బా వీనిని నూనెలో ముంచరాదు. ఆరిన గుడ్డతో తుడిచిన చాలును. వాక్యూమ్ డబ్బాకు శుభ్రమైన గొట్టమును తగిలించి నోటితో పీల్చి నాలుకతో మూసి చూడుడు. లోపలి కడ్డీ కదలి నిలిచినచో పొర బాగున్నది. వెంటనే వెనుకకు పోయినచో చినిగినది.

బుష్ మరమ్మతులో ప్రధానమైన పని. లూకాస్ డిస్ట్రిబ్యూటరులలోని బుష్ సూక్ష్మరంధ్రములు గల కంచు పొడితో అదిమి చేయబడినది. ఆ రంధ్రములలో నిలిచిన నూనెయే ఇరుసును కాపాడును. కాబట్టి క్రొత్త బుష్‌ను ఎక్కించుటకు ముందు ఇంజనాయిలులో 24 గంటలు పూర్తిగ మునుగునట్లు నానబెట్టవలెను. తొందరయైనచో నూనెను 100 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడిచేసి రెండు గంటలుంచి, నూనె చల్లారిన పిమ్మట తీయవలెను. ఎక్కించిన తరువాత లోపలిభాగమును రీమరుతో గీకరాదు. గీకినచో రంధ్రములు మూసికొనిపోయి నూనె ఊరదు. లేతు మిషను పనివానికి ఈ మాటను ముందుగనే చెప్పవలెను. అంగడిలో దొరకనప్పుడు మామూలు ఇత్తడి కడ్డీనుండి బుష్ తఱిగి వేయుదురు. అట్టిదానికి నూనె వేయుటలో ఎంతమాత్రము అశ్రద్ధ చూపరాదు. ఇరుసే అరిగియున్నచో క్రొత్త బుష్ ఒక్కటి చాలదు.

బరువుల మేకులును, వాని రంధ్రములును అరిగినవేమో చూచి తిరిగి కూర్చవలెను. క్యామును చేతితో త్రిప్పి విడిచినప్పుడు అది తనంత తానే వెనుకకు రావలెను. రానిచో నూనె గడ్డకట్టినదనియో, స్ప్రింగు సాగినదనియో తెలియవలెను. పాయింట్లు ఒకదానికొకటి నిండుగ ఆనవలెను. క్యాముమీద గ్రీజు పలుచగ పూయవలెను. రోటరు క్రింది మరమీద రెండు చుక్కలు, బరువులకు కొద్ది చుక్కలు ఇంజనాయిలు చాలును. పాయింట్లకు నూనె తగులరాదు. కండెన్సరు బాగున్నచో దానిని క్రొత్తదను పేరుతో మార్చనక్కఱలేదు. మార్చినను పాతదానిని దాచుకొనవలెను. బిగించునప్పుడు శరీరపు పట్టీ మరను అతిగా త్రిప్పినచో ఆ మెత్తని లోహము పగులును.

సమయము కుదుర్చుట

డిస్ట్రిబ్యూటరును గుర్తుల ప్రకారము కూర్చి, మొదట పాయింట్ల సందును సరిచేయవలెను. సందును తరువాత మార్చినచో సమయమును తిరిగి కుదుర్పవలసి వచ్చును. పిమ్మట తయారీదారుల పుస్తకములో చెప్పిన డిగ్రీల గుర్తువద్ద ఇంజనును నిలుపవలెను. యుద్ధకాలపు జీపునకు ఇది పిస్టను పైకొనకు 5 డిగ్రీలు ముందు. 12 వోల్టుల చిన్న బల్బు తీగ నొకదానిని డిస్ట్రిబ్యూటరుకు వచ్చు సన్నని తీగ మరకు, రెండవదానిని ఇంజను ఇనుమునకు తగిలించి తాళము త్రిప్పుడు. శరీరమును మెల్లగ అటునిటు త్రిప్పినచో పాయింట్లు విడిన క్షణమున బల్బు వెలుగును. అక్కడ బిగింపవలెను. ఇంత చౌకయైన పరికరముతో ఇంత సరియైన పని జరుగుట మెచ్చదగినది.

బండి నడచిన పిమ్మట టైమింగు దీపముతో మఱియొకమాఱు చూడవలెను. వాక్యూమ్ గొట్టమును తీసి మూసి, నెమ్మదిగ తిరుగు ఇంజను గుర్తుమీద దీపమును పట్టుడు. గుర్తు నిలకడగ నుండవలెను. ఎగిరెగిరి పడుచున్నచో ఇరుసు ఇంకను ఊగుచున్నదని తెలియును. వేగము హెచ్చించినప్పుడు గుర్తు క్రమముగ ముందునకు జరిగి, వేగము తగ్గించినప్పుడు మొదటి చోటికి తిరిగి రావలెను. అడుగు రేకుమీద 10 అని యుండి, మొదట 5 డిగ్రీలు పెట్టినచో మొత్తము 25 డిగ్రీల వద్ద అది ఆగవలెను. ఇట్లు జరిగినచో మరమ్మతు ఫలించినది.

సంఘము చేయదగినది

ఈ పనికి కావలసిన పరికరములు ఎక్కువ కావు: ఫీలరు గేజి, బల్బు, విద్యుత్తును కొలుచు మీటరు, టైమింగు దీపము, ఇరుసు ఊపును కొలుచు డయలు గేజి. ఒక్క రైతు ఒక్క బండికొఱకు వీనినన్నిటిని కొనుట దండుగ. పదిమంది కలిసి కొని సంఘము కొట్టున ఉంచినచో పది గ్రామములకు చాలును. పురుగుమందు చల్లు పంపులను ఉమ్మడిగ వాడుకొనుట మనకు తెలిసినదే, ఇదియు అట్టిదే. డిస్ట్రిబ్యూటరు విప్పి కూర్చుట నేర్చిన పాతకాలపు మిస్త్రీలు మన ప్రాంతమున ఇంకను కొందఱు కలరు. వారి చేతిపని చూచి నేర్చుకొన గోరు యువకులకు వారివద్ద కొన్ని దినములు పనిచేయు అవకాశము కల్పించుట కూడ సంఘమునకు తగిన పని.

చివరగ ఒక హెచ్చరిక. క్రొత్తది వేయించినవారు కూడ పాతదానిని మెకానికు వద్ద విడిచి రాకుడు. పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మకుడు. గుడ్డలో చుట్టి అటకమీద పెట్టుడు. ఆ శరీరముమీది సంఖ్యయు, అడుగు రేకుమీది సంఖ్యయు మీ ఇంజను నడకకు వ్రాతమూలమైన సాక్ష్యములు. ఒకసారి కరగిపోయిన పిమ్మట ఆ లెక్కను చెప్పువారు ఉండరు. మీ బండియొక్క ఈ రెండు సంఖ్యలను నేడే ఒక కాగితముమీద వ్రాసి, బండి కాగితములతోపాటు భద్రపఱచుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.